తడబాటు తరగతి

“ఇక్కడ ఆగు. గాలి పీల్చు. ఇప్పుడా వాక్యం కొట్టెయ్.”

దివిజ్ కొట్టేశాడు. బాగున్న వాక్యమే. పొద్దున కూర్పరి యంత్రం తయారుచేసి ఇచ్చిన పత్రంలో అంతకన్నా బాగున్నది ఇంకొకటి లేదు. అందుకే కొట్టేయించింది లాస్య. బాగా వచ్చినదాన్ని చేతులారా పోగొట్టుకోవడం మనుషులకే చేతనవుతుందని బల్లమీది జాడపీట నమ్మకం.

“కిటికీ వైపు చూడు. ఇంకాసేపు. ఇప్పుడు ఆ వాక్యాన్నే మళ్లీ తెచ్చుకో, సగం మార్చి.”

“నిట్టూర్పు ఇప్పుడా మేడమ్, సినిమాలో పాట మార్చాకనా?”

“పాట మార్చాక. రెండుచోట్లా నిట్టూరిస్తే అతి అవుతుంది.”

పీట అంచున ఆకుపచ్చ దీపం వెలిగింది. శ్రమాంకం తొంభై దాటింది. వెనక వరసల్లో చప్పట్లు మోగాయి. దివిజ్ మంచి కుర్రాడే. చెప్పింది చెప్పినట్టు చేస్తాడు, అంతకు మించి ఎవరూ అతన్ని ఏమీ అడగలేదు కూడా.

డిజిటల్ మీడియా విభాగంలో సెమిస్టరు చివరి రోజులు ఇలాగే గడుస్తాయి. సినిమా, దానితోపాటు ఇవ్వాల్సిన పత్రం, రెండూ టిఫిను తినేలోపు కూర్పరి చేసిపెడుతుంది. వాటిని తామే చేసినట్టు కనబడటం నేర్చుకోవడానికి మాత్రం పిల్లలకు వారాలు పడుతుంది. మనిషి చేసిన పనికే డిగ్రీ అని విద్యా మండలి ఆదేశమిచ్చిన ఏడాదే ప్రతి బల్లకూ జాడపీట బిగించారు. వేలు ఎక్కడ ఆగింది, ఊపిరి ఎక్కడ బరువెక్కింది, ఏ నిర్ణయం వెనక్కి తీసుకున్నారు, అన్నీ అందులో పడతాయి. తడబడితే మనిషి, తడబడకపోతే యంత్రం. ఇంత చక్కటి సూత్రం చేతికి దొరికాక కాలేజీలు ఊరుకుంటాయా? తడబాటు తరగతి పెట్టాయి. ఒకప్పుడు లాస్య ఎడిటింగ్ పాఠాలు చెప్పేది. ఇప్పుడు నీళ్లు ఎప్పుడు నమలాలో చెబుతోంది. జీతం పెరిగింది, నోట్లో చేదు కూడా.

తరగతి ఖాళీ అయ్యాక కెజియా వచ్చి నిలబడింది. ఆక్వా చెరువుల అవతలి పేట నుంచి రోజూ రెండు బస్సులు మారి వచ్చే పిల్ల. బ్యాచ్ మొత్తంలో కూర్పరిని ముట్టుకోనిది ఆమె ఒక్కతే.

“మళ్లీ ఎర్రదీపమేనండి,” అంది. “యంత్రరచన అని వచ్చిందండి.”

లాస్యకు ఆశ్చర్యం కలగలేదు. కోపం వచ్చింది. ఆ సినిమా తన కళ్లముందే తయారైంది. కెజియా పీట ముందు కూర్చుని, మొదలుపెట్టిన చోటి నుంచి చివరిదాకా ఒక్క ముక్క అటూ ఇటూ జరపకుండా కోసి అతికించింది. మధ్యలో మంచినీళ్లు కూడా తాగలేదు. సినిమా పేరు ‘ఒలుపు’. రొయ్యల షెడ్డులో ఐసునీళ్లలో ఆడవాళ్ల చేతులు, అంతే. మొహాలు కనబడవు. ఒకామె కూతురి కాన్పు గురించి చెబుతూ ఉంటుంది, మాటా ఆగదు, చెయ్యీ ఆగదు. ఆఖర్న చీకటి గదిలో ఒక ఒడి, ఆ ఒడిలో రెండు చేతులు. రొయ్య లేకుండానే ఒలుస్తున్న వేళ్లు. అవి కెజియా తల్లి రూతమ్మవి. షెడ్డులో గ్యాసు లీకైన రోజున చూపు పోయింది, అలవాటు మాత్రం పోలేదు. ఆ ముక్క చూసిన రోజు లాస్య సిగ్గుపడకుండా ఏడ్చింది.

“ఒక్కచోట కూడా ఆగకుండా ఎలా చేశావమ్మా అసలు?” అని అప్పుడు అడిగింది.

“ముందే అయిపోయిందండి. మా అమ్మకి కనపడదు కదండి. రోజూ నేను చూసిందల్లా సాయంత్రం చెప్తానండి తనకి. ఈ సినిమా కూడా తీయకముందే చెప్పేశాను, ముక్క ముక్కా. బాలేకపోతే ‘అక్కడ ఊపిరి తీసుకోనియ్యవేంటే’ అంటదండి. మళ్లీ మొదట్నుంచీ చెప్తాను. అలా ఎన్నిసార్లు చెప్పానో నాకే తెలీదండి.”

తడబాటంతా ఇంట్లో, అమ్మ పక్కన చాపమీద జరిగిపోయింది. చాపకు జాడపీట లేదు.

ఇప్పుడు మిగిలింది మధ్యాహ్నం జరిగే తుది పరీక్ష. అందులోనూ ఎర్రదీపం వెలిగితే యంత్రచోరుల పట్టీలో పేరెక్కుతుంది. ఆ పేరు చూశాక మరే కాలేజీ చేర్చుకోదు, ఏ స్టూడియో గుమ్మం తొక్కనివ్వదు. షెడ్డులో తల్లి కూర్చున్న ముక్కాలిపీట ఇంకా ఖాళీగానే ఉందని మేస్త్రి అప్పటికే కబురు పెట్టాడు.

“కూర్చో,” అంది లాస్య. “మిగతావాళ్లకి నేర్పిందే నీకూ నేర్పుతాను. ఆఖరి ముక్క ఉంది చూడు, మీ అమ్మ చేతులు. అది తీసెయ్.”

“తీసెయ్యాలా అండి?”

“కాసేపే. తీసేసి, ఆలోచించి, మళ్లీ పెట్టు. పెద్ద నిర్ణయం మార్చుకుంటే శ్రమాంకం బాగా పెరుగుతుంది.”

కెజియా వేలు పీటమీదికి వెళ్లింది. తీసింది. కిటికీ వైపు చూడమంటే చూసింది. ఊపిరి పీల్చమంటే పీల్చింది. ఒంటికి పట్టని చొక్కా తొడుక్కున్నట్టు ఇబ్బందిగా కదిలి, ముక్కను గబగబా వెనక్కి తెచ్చేసుకుంది. పీట కాసేపు ఆలోచించింది. ఎర్రదీపం కింద ఈసారి ఒక కొత్త మాట కూడా వెలిగింది: నటన.

లాస్యకు నవ్వొచ్చింది. నటించేవాళ్లందరికీ పచ్చదీపం, నటన రానిదానికి ఈ మాట.

“నా వల్ల కాదండి మేడమ్,” అంది కెజియా తల దించుకుని. “అమ్మకి చెప్పిన మాట వెనక్కి తీసుకున్నట్టుందండి.”

డీన్ వర్మగారు పిలిపించారని అటెండరు వచ్చి చెప్పాడు. లాస్య వెళ్లేసరికి ఆయన బల్లమీద మండలి తెర తెరిచి ఉంది. ప్రతి సెమిస్టరుకూ ఉన్న తంతే. తుది పరీక్షకు ముందు బ్యాచ్‌లో ఒక పనిని ఎంచి, ఇది మనిషి పనేనని శిక్షకురాలు నోటితో పూచీ పడాలి. దాన్ని గీటురాయి అంటారు. పీటలన్నీ ఆ పని జాడను ముందు నేర్చుకుంటాయి, మిగతా అందరినీ దాంతోనే పోల్చి చూస్తాయి. బాగా తడబడటం నేర్చినవాడిని గీటురాయిగా పెడితే బ్యాచ్ మొత్తం గట్టెక్కుతుంది. ఇన్నేళ్లుగా లాస్య చేసింది అదే.

“దివిజ్ పేరు పెట్టెయ్యండమ్మా,” అన్నారు వర్మగారు. “మీ కుర్రాళ్లందరిదీ ఒకే బాణీ కదా, ఇబ్బందుండదు.”

“కెజియా సంగతి ఏంటండీ?”

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. “చూశాను ఆ సినిమా. మా ఆవిడకి కూడా చూపించాను. ఆ పిల్లకి అన్యాయమే జరుగుతోంది, కాదనను. కానీ ఆ పీటతో వాదించి గెలిచినవాణ్ణి ఒక్కణ్ణి చూపించండి నాకు.”

“వాదించనండి. దానికి నేర్పేది మనమే కదా.”

ఆయనకు అర్థం కావడానికి కొంచెం సమయం పట్టింది. కళ్లజోడు పెట్టుకున్నారు. “వద్దు లాస్యగారూ. ఆ పిల్ల జాడ నేర్చుకుంటే అది మనవాళ్లలో ఒక్కణ్ణి కూడా మనిషి అనదు. వాళ్లు కూడా పిల్లలేనండీ. వాళ్లకి ఇలా చెయ్యమని చెప్పింది ఎవరు?”

“నేనేనండి.”

“మరి?”

ఆయన అన్నది నిజమే. అది నిజమని తెలిసే తెర ముందు కూర్చుంది. పూచీ శిక్షకురాలి గొంతుతోనే పడాలి, డీన్ గొంతు చెల్లదు. ఆపాలంటే ఆయన తెర మూసెయ్యవచ్చు. లేచి నిలబడ్డారు గానీ ఎందుకో మూయలేదు. కిటికీ వైపు తిరిగి నిలబడ్డారు.

“కెజియా, ‘ఒలుపు’,” అంది లాస్య. “ఈ పని నా కళ్లముందు ఒక మనిషి చేతులతో జరిగింది. దీనికి నేను పూచీ.”

ప్రతిసారీ ఇదే వాక్యం. ప్రతిసారీ మధ్యలో గొంతు తడుపుకుని, ఒకసారి దగ్గి, ఎలాగో పూర్తిచేసేది. మండలి ఎప్పుడూ మారుమాట్లాడకుండా ఒప్పుకునేది. ఇన్నేళ్లలో ఆ వాక్యం నిజమైంది ఈ ఒక్కసారే.

తెర మీద అక్షరాలు వచ్చాయి: ‘సాక్షి గొంతులో తడబాటు లేదు. పూచీ అనుమానాస్పదం. అయినా ఖరారు చేయాలా?’

“చెయ్,” అంది.

ఆమె తరగతికి తిరిగి వచ్చేసరికి తుది పరీక్ష మొదలైపోయింది. కెజియా పీటమీద ఆకుపచ్చ దీపం వెలుగుతోంది. ఆ పిల్ల దాన్ని చూడటం లేదు. ఆమె చుట్టూ ఒక్కో బల్లమీదా ఎర్రదీపం వెలుగుతుంటే ఎవరి మొహాలు చూడాలో తెలియక చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. వేళ్లు వాటంతట అవే కదులుతున్నాయి.

దివిజ్ లేచి లాస్య దగ్గరికి వచ్చాడు. కళ్లనిండా నీళ్లు. ఎవరూ నేర్పని తడబాటుతో, మాట మింగి, మళ్లీ మొదలుపెట్టి అడిగాడు.

“మేడమ్... మీరు... మీరు చెప్పినట్టే చేశాను కదా మేడమ్.”

అతను పీటకు దూరంగా నిలబడి ఉన్నాడు. అది దేన్నీ నమోదు చేసుకోలేదు.

“అవును నాన్నా,” అంది లాస్య. “నేను చెప్పినట్టే చేశావు.”