మోదుగ కింద పచ్చ

ఫాల్గుణం ఎండకు పెద్దేముల్ చుట్టుపక్కల గడ్డి పరక మిగల్లేదు. మోదుగలు మాత్రం ఆకులన్నీ రాల్చేసి ఒళ్లంతా ఎర్రగా పూశాయి. పొద్దున్నే డాబా మీద కూర్చుని, తాండూరులో కొన్న రంగులు కలిపి, వైశాలి ఆ పూతనే బొమ్మ వేస్తోంది. టీ గ్లాసుతో పైకొచ్చిన తల్లి నాగరాణి బొమ్మ చూసి నిలబడిపోయింది. చెట్టు కింద ఊయలంత పచ్చటి మచ్చ ఉంది.

"గీడ గడ్డెక్కడిదే? అంత ఎండింది గద!"

"కండ్లతోని చూసిందే ఏస్తనమ్మా. నిరుడు గుడ ఉండె, ముందటేడు గుడ ఉండె."

వైశాలి పాత బొమ్మలు రెండూ పక్కన పరిచింది. మూడింట్లోనూ అదే చెట్టు, అంతే పచ్చ.

ఆ చెట్టు ఇంటి వెనక బీడు చెల్కలో ఉంది. ఆ దిక్కు చూసినా గాలి సోకుతుందని అత్త భాగమ్మ ఏళ్లుగా బెదిరిస్తోంది. ఇవాళ నాగరాణి ఆగలేక చెట్టు దగ్గరికి వెళ్లింది. అక్కడ బావి లేదు, బోరు లేదు. వాన పడి నాలుగు నెలలు. అయినా కాలు మోపితే మట్టి చల్లగా తగిలింది. గరిక కొనల నుంచి నీళ్లు జారుతున్నాయి.

ఇరవై రెండేళ్ల కింద, పుట్టిన మూడో నాడే పోయిన తొలిచూలు ఆడపిల్ల గుర్తొచ్చింది. ఎక్కడ పూడ్చిపెట్టారని అడిగి అడిగి అలసిపోయింది. ఊరందరి గుట్టూ విప్పే భాగమ్మ నోరు ఆ ఒక్క మాట దగ్గర కుట్టేసినట్టుండేది.

ఇంటికొచ్చేసరికి భాగమ్మ బొమ్మ ముందు నిలబడి అరుస్తోంది. "తుడిపెయ్యి! గా పచ్చ తుడిపెయ్యి!"

"అత్తమ్మా, నా బిడ్డ గాడనే ఉన్నదా?"

ముసలామె గోడ పట్టుకుని కూలబడింది. "తల్లికి జాగ చూపెడితె మల్ల కడుపు నిలువదన్నరు. భయపడ్డ."

"వైశాలి పుట్టినంక గుడ చెప్పకపోతివి!"

"ఏ మొఖంతోని చెప్పాలె?"

"మరి గా నీళ్లు?"

"పాలన్న సరిగ తాగకపాయె. ఎండకాలం దూపైతదని... మీరు లేవకముందే రోజొక చెంబెడు పోసొస్తున్న."

ఇన్నేళ్ల కోపం నాగరాణి నాలుక చివరిదాకా వచ్చింది. బయటికి మాత్రం ఏడుపే వచ్చింది. అత్త పక్కనే చతికిలబడింది.

తడిగుడ్డ పట్టుకుని వైశాలి బిత్తరపోయి చూస్తోంది. "అమ్మా, తుడువాల్నా?"

"వద్దు బిడ్డా. గది మీ అక్క." నాగరాణి కళ్లొత్తుకుని అత్త వైపు తిరిగింది. "చెంబు ఏడ పెట్టినవ్ అత్తమ్మా? రేపటిసంది ఇద్దరం పోదాం."