సుంకం ఇంటి గాజుపట్టీ

దెయ్యమంటే బెదరని మగాళ్లు ఈ భూమ్మీద ఇద్దరే ఇద్దరట. ఒకడు ఇంకా పుట్టలేదు. రెండోవాడు మన డప్పు. ఈ మాట చెప్పిందీ డప్పే కాబట్టి, సగానికి సగం తగ్గించుకుని వినండి.

ఆ మిగిలిన సగం కూడా సుంకం ఇంట్లో ఒక్క రాత్రికే కరిగిపోయింది.

పాత వంతెన కొసన ఓ చిన్న మేడ ఉంది. ఒకప్పుడు బళ్లు అక్కడ ఆగి, సుంకం కట్టి, ఏరు దాటేవి. ఇప్పుడు బళ్లూ లేవు, సుంకమూ లేదు. దెయ్యం మాత్రం ఉందంటారు. చీకటి పడ్డాక పైగదిలో ఓ మసక వెలుగు కదులుతుందట. అడుగుల చప్పుడుండదు... మాట మాత్రం వినిపిస్తుందట, చెవిలో ఊదినట్టు. రొట్టెల దుకాణంవాడు ఓ రాత్రి కళ్లారా చూశాడు — అప్పట్నుంచి ఊరంతా చుట్టి ఇల్లు చేరుతున్నాడు గానీ సైకిలు అటు తిప్పలేదు.

ఆ ఇంటిని చూసుకునేది పాత కట్టడాల సంఘం. పేరు గంభీరమే గానీ, సభ్యులందరూ కూర్చున్నా ఒక బెంచీ నిండదు. అధ్యక్షురాలు డప్పుకి స్వయానా పెద్దమ్మ. బళ్లో చరిత్ర చెప్పి రిటైరైన మనిషి.

సుంకం ఇంటి పైగదిలో, గోడ అడుగున ఓ పగులుంది. గోడ ఇంకా కదులుతోందా, ఆగిందా తెలియడానికి ఆ పగులుకి అడ్డంగా సన్నటి గాజుపట్టీ అతికించారు. గోడ వెంట్రుకవాసి కదిలినా పట్టీ పుటుక్కుమంటుంది. పట్టీ నిలిస్తే ఇల్లు నిలిచినట్టు. విరిగిందా, వంతెన వెడల్పు చేద్దామని కాచుకుని ఉన్న మునిసిపాలిటీ మర్నాడే పలుగులు పంపిస్తుంది.

వానాకాలమంతా పట్టీ చెక్కుచెదరలేదు. తెల్లారితే ఇంజనీరు వచ్చి చూస్తాడు. ఈ ఒక్క రాత్రీ ఎవరైనా కాపలా ఉంటే బాగుండునని పెద్దమ్మ అంది. సభ్యులందరూ చెప్పులు వెతుక్కోవడం మొదలెట్టారు. డప్పు మాత్రం, దెయ్యమొస్తే దానికీ సభ్యత్వం ఇప్పించి పంపుతానన్నాడు. అనేశాక ఇంకేముంది, ఇరుక్కున్నాడు.

పైగది. రాత్రి. బూట్ల మీద మెత్తటి గుడ్డ తొడుగులు వేసుకున్నాడు — పాత చెక్కనేల గీసుకుపోకూడదని సంఘం నియమం. పగులు పక్కనే స్టూలేసుకుని కూర్చున్నాడు. టార్చి వేస్తే పట్టీ తళుక్కుమంది. బాగానే ఉంది.

కాసేపు ఈల వేశాడు. ఖాళీ గది ఆ ఈలని అటూ ఇటూ తిప్పి... మళ్లీ వాడికే ఇచ్చింది. అది వాడి ఈలలా లేదు. మానేశాడు.

టార్చి గుడ్డిదైంది... ఆరింది.

కింద ఎక్కడో తలుపు కిర్రుమంది. గాలిలే అనుకున్నాడు. మెట్ల మీద చప్పుడు లేదు. ఒక్కటంటే ఒక్క అడుగు లేదు. కానీ గుమ్మం దగ్గర చీకటి కొంచెం కొంచెంగా ఎర్రబడుతోంది... నివురు కింద నిప్పులా. ఆ వెలుగు వెనకాల తెల్లగా ఏదో — తల ఉన్నట్టు, కాళ్లు లేనట్టు — నేల మీద జారుతూ వస్తోంది.

డప్పు నోరు తెరిచాడు. 

అది దగ్గరకొచ్చింది. వంగింది.

"చలేస్తోందా..."

డప్పు లేచాడో, ఎగిరాడో... తొడుగుల కాళ్లు సర్రున జారాయి. వెనక్కి వెళ్లి గోడకి చతికిలబడ్డాడు —

పుటుక్.

మెట్లు దిగాడో, దూకాడో వాడికే తెలీదు. తెలివొచ్చేసరికి వంతెన మీద కరెంటు స్తంభాన్ని కావిలించుకుని ఉన్నాడు. తెల్లారేదాకా దాన్ని వదల్లేదు.

పొద్దున్నే ఇంజనీరొచ్చాడు, వెనకే సంఘమూ, డప్పూ. పట్టీ కొసలు రెండూ గోడకి అంటుకునే ఉన్నాయి. మధ్య ముక్క లేదు. గోడ కదిలిందన్నమాట, ఇక తన చేతిలో ఏమీ లేదన్నాడు. పెద్దమ్మ కళ్లజోడు తీసి తుడిచింది. పెట్టుకుంది. మళ్లీ తీసి తుడిచింది. డప్పు అది చూడలేకపోయాడు.

"గోడ కదల్లేదు సార్. కదిలింది నేను."

అంతా చెప్పేశాడు — ఎర్ర వెలుగు, కాళ్లు లేని ఆకారం, గుసగుస. కుర్రాడికి జ్వరమా అన్నట్టు ఇంజనీరు పెద్దమ్మ వంక చూశాడు. ఆమె సంచీలోంచి ఓ స్వెట్టరు తీసింది.

"చలేస్తోందా అని అడిగితే జవాబైనా చెప్పకుండా పరిగెడతారట్రా?"

సంగతేమిటంటే, తొడుగులు లేకుండా ఆమె ఆ నేల తొక్కదు. గోడ మీది పాత రంగులు వెలిసిపోతాయని టార్చికి ఎర్రగుడ్డ కడుతుంది. గట్టిగా మాట్లాడితే సున్నప్పూత రాలుతుందని గుసగుసే. చలికి తెల్లశాలువా. రోజూ పడుకోబోయే ముందు ఒకసారి వచ్చి పట్టీ చూసుకుంటుంది. దెయ్యమన్న పుకారు ఆమె చెవినా పడింది. అది పుట్టాక తలుపుల ఇత్తడి గొళ్లేలు దొంగలెత్తుకుపోవడం ఆగిందని నోరు మెదపలేదు. నిన్న మాత్రం వాడి పరుగు చూసి నవ్వాపుకోలేక, పట్టీ వైపు చూడకుండానే ఇంటికెళ్లిపోయింది.

ఇంజనీరు నవ్వలేదు. ఇల్లు నిలబెట్టుకోవడానికి పెద్దమ్మా అబ్బాయీ కలిసి అల్లిన కథ కాదని తనకేంటి నమ్మకం అన్నాడు. ఆ మధ్య ముక్క తెచ్చి రెండు కొసల నడుమా పెడితే సరిగ్గా అతకాలి. అతికితే గోడ కదలనట్టే, అప్పుడే సంతకం పెడతాడు. ముక్క లేకపోతే మాత్రం పలుగులే.

అందరూ నేల మీద వంగి వెతికారు. పెద్దమ్మైతే మోకాళ్ల మీద కూర్చుని, చెక్కల సందుల్లో పుల్ల పెట్టి మరీ చూసింది. నిటారుగా నిలబడ్డది డప్పు ఒక్కడే. నువ్వూ కాస్త వంగొచ్చుగదరా అని ఆమె విసుక్కుంది.

వాడు వంగలేదు. చెవులు ఎర్రగా కందిపోయి, వీపు గోడ వైపు తిప్పుకుని నిలబడ్డాడు.

"వెతక్కు పెద్దమ్మా... ముక్క నా దగ్గరే ఉంది."

"ఉంటే ఇవ్వవేరా మరి?"

"నేను లాగితే రావట్లేదు. రాత్రినుంచీ కూర్చోనిది అందుకే..." డప్పు గొంతు గుసగుసకి దిగిపోయింది. "ఎవరైనా... నెమ్మదిగా... పీకాలి."