పన్నెండో దెయ్యం

"మెకానిక్ గారూ, మీరు బాగు చేసిన ఫ్రీజర్‌లో పన్నెండు దెయ్యాలు చచ్చిపోయాయి. వెంటనే రండి."

ఫోన్లో ఆమె గొంతు నవ్వుతున్నట్టే ఉంది. చివరి మాట దగ్గర మాత్రం వణికింది.

అతను భోజనం మధ్యలో లేచాడు. ఏం పాడైందో వెళ్ళి చూడకుండానే అతనికి తెలుసు. ఫ్రీజర్ తలుపు పై కీలు దగ్గర ఒక స్క్రూ వదులైంది. వదులు చేసింది అతనే.

రెండు నెలల క్రితం మొదటిసారి ఆ ఇంటికి వెళ్ళాడు. వంటింటి పక్క గది నిండా గ్లాసులు, స్ట్రాలు, రంగురంగుల సిరప్ సీసాలు. ఆమె పిల్లల పార్టీలకు చల్లటి డ్రింకులు చేసిస్తుంది. అతను థర్మోస్టాట్ మార్చి చేతులు తుడుచుకుంటుంటే ఆమె టీ కప్పు అందించింది.

"అయితే ఇక మీతో పని లేనట్టేగా?"

మామూలుగా అన్న మాటే. అతనికి మాత్రం ఎక్కడో కలుక్కుమంది. స్క్రూడ్రైవర్ ఇంకా చేతిలోనే ఉంది. ఆమె ఖాళీ కప్పు తీసుకుని లోపలికి వెళ్ళిన ఆ కాసేపట్లో స్క్రూని అరచుట్టు వెనక్కి తిప్పాడు.

పదిహేను రోజులకి ఫోన్ వచ్చింది.

"మళ్ళీ మీరేనా!" అంటూ తలుపు తీసింది.

"మీ ఫ్రీజర్‌కి నేనంటే ఇష్టమండీ."

"దానికేనా?" అనేసి, తనే ఉలిక్కిపడినట్టు లోపలికి వెళ్ళిపోయింది.

ఆ ఒక్క మాటకి ఇంకో అరచుట్టు. మూడోసారి వచ్చినప్పుడు మరొకటి. ఇవాళ నాలుగోసారి.

బల్ల మీద పన్నెండు గ్లాసులు వరసగా ఉన్నాయి. తీపి కలిపిన తెల్లటి పాలలో నల్ల ద్రాక్షపళ్ళు అడుగుకి మునిగిపోయాయి. నీళ్ళు పోసి గడ్డకట్టించిన చేతి గ్లౌజులు కరిగి వేళ్ళు వేలాడేసి పడున్నాయి.

"ఇవండీ దెయ్యాలు. పొద్దున దాకా దెయ్యాలే. ఇప్పుడు వట్టి పాలు."

బల్ల కింద నుంచి ఒక తల పైకి లేచింది. పై వాటాలో ఉండే ఆమె అక్క కూతురు. అందరూ పిచ్చుక అంటారు. ఇవాళే ఆరేళ్ళు నిండాయి.

"నువ్వేనా అంకుల్ నా దెయ్యాల్ని చంపింది?"

అతను ఫ్రీజర్ తలుపు వైపు తిరిగాడు.

పై వాటాలోకి మారినప్పటి నుంచి పిచ్చుక చివరి గదిలోకి ఒంటరిగా వెళ్ళదు. దెయ్యాన్ని తాగేస్తే అది ఇక తన పొట్టలోదేననీ, తను చెప్పినట్టు వింటుందనీ పిన్ని మాటిచ్చింది. పుట్టినరోజుకి పన్నెండు మంది పిల్లలు, పన్నెండు దెయ్యాలు.

"పార్టీ ఎన్నింటికి?"

"ఐదింటికి. రెండవుతోంది."

"ఫ్రీజర్‌ని నమ్ముకుంటే రేపటికి గానీ గడ్డకట్టవు. నేను ఐసు తెస్తాను. రాళ్ళుప్పు ఉందా?"

"దెయ్యాలకి ఉప్పేంటండీ?"

"దెయ్యాలకి కాదు, ఐసుకి. ఉప్పు పడితే ఐసు ఇంకా చల్లబడుతుంది."

ఐసు ఫ్యాక్టరీ నుంచి గోనెసంచిలో దిమ్మ తెచ్చి సుత్తితో పగలగొట్టాడు. పెద్ద టబ్బులో ఐసు, ఉప్పు వేసి, మధ్యలో స్టీలు గిన్నె దించాడు. ఆమె గరిటెతో తిప్పుతుంటే అతను గిన్నె పట్టుకున్నాడు.

"అంచులు గీకండి."

"గీకుతున్నా. పంచదార ఎక్కువైతే గడ్డకట్టదు, తక్కువైతే రాయవుతుంది. నా పని నాకు నేర్పకండి."

"సరే మేడం."

"వేళ్ళు పోయాయండీ నాకు. ఉన్నాయో లేవో చూసి చెప్పండి."

"పదీ ఉన్నాయి. లెక్క సరిపోయింది."

పాలు మెల్లగా చిక్కబడి, తెల్లటి మంచులా గరిటెకి అంటుకున్నాయి. ఆమె గ్లాసుల్లోకి కుప్పగా వేసింది. అతను ద్రాక్షపళ్ళు గుచ్చసాగాడు.

"కళ్ళు అంత దూరం పెట్టకండి. దెయ్యంలా లేదు, మా బావలా ఉంది."

ఇద్దరూ నవ్వారు. నవ్వుతూనే అతనికి స్క్రూ గుర్తొచ్చింది. ఇంత సంతోషమూ తను దొంగతనంగా తెచ్చుకున్నది.

పార్టీ వేళకి కరగకుండా గ్లాసుల్ని ఫ్రీజర్‌లో పెట్టాలి. లోపల మిగిలిన ఐసు పరిచి, ఆమె గ్లాసులు సర్దుతుంటే అతను స్క్రూ బిగించాడు. ఈసారి పూర్తిగా.

"ఒక కాగితం ఇవ్వండి. తలుపు సందులో పెట్టి లాగితే రాకూడదు. వస్తే గాలి దూరుతున్నట్టు."

ఆమె ఫ్రీజర్ మీదున్న మడత కాగితం అందించింది. తలుపు మూసి లాగాడు. రాలేదు. తలుపు తీసి మడత విప్పాడు. ఏదో ఆఫీసు ముద్ర, ఆమె పేరు, వేరే ఊరు.

"ఇదేంటండీ?"

"ఉద్యోగం. సోమవారం చేరాలి." ఆమె గరిటె కడుగుతూనే చెప్పింది. "ఈ రెండు నెలల్లో రెండు పార్టీలు చెడిపోయాయి. ఒకచోట పిల్లలు మంచినీళ్ళు తాగి వెళ్ళారు. 'నీకీ పని అచ్చిరాలేదమ్మా' అన్నారు నాన్న. మొదట కోపమొచ్చింది. తర్వాత ఆలోచిస్తే నిజమే అనిపించింది. ఇంత మంచి మెకానిక్ మూడుసార్లు చూసినా పాడవుతోందంటే, తప్పు నా చేతిలోనే ఉండాలి కదా."

మాట్లాడకుండా వెళ్ళిపోవచ్చు. ఆమెకి ఎప్పటికీ తెలియదు. అతను స్క్రూడ్రైవర్ బల్ల మీద పెట్టాడు.

"తప్పు మీ చేతిలో లేదండీ. నా చేతిలో ఉంది."

చెప్పాడు. మొదటి అరచుట్టు నుంచి మొత్తం చెప్పాడు.

ఆమె కొళాయి కట్టేసింది. గరిటె పక్కన పెట్టింది.

"రావాలనిపిస్తే ఒక ఫోన్ చెయ్యొచ్చుగా?"

"ఏమని చెయ్యను?"

"ఏదో ఒకటి. ఎలా ఉన్నారని. నేను తీసేదాన్ని." ఆమె తన చేతుల్ని చూసుకుంది. ఐసుకి ఇంకా ఎర్రగానే ఉన్నాయి. "రెండు నెలలు ఈ చేతుల్ని నేనే నమ్మలేదు. మీరు నా ఎదురుగా కూర్చుని టీ తాగుతూ చూశారు."

"నేను..."

"వద్దు. పార్టీ అయ్యేదాకా గ్లాసులు అందించండి, పిల్ల కోసం. ఆ తర్వాత పిలవకుండా రావద్దు."

పిల్లలు వచ్చారు. పిచ్చుకతో కలిపి పదకొండు మంది. ఒకడు జ్వరమొచ్చి రాలేదు. దెయ్యాల్ని చూసి కెవ్వుమన్నారు, కళ్ళు ముందు తిన్నారు, గ్లౌజుల్లో గడ్డకట్టని చేతుల్ని పట్టి ఊపారు. పిచ్చుక తన దెయ్యాన్ని చివరి చుక్క దాకా జుర్రి, మూతి తుడుచుకుని, మేడమెట్లు ఎక్కింది. చివరి గదిలోకి ఒక్కతే వెళ్ళింది. కింద అందరూ ఊపిరి బిగబట్టారు.

"ఎవరూ లేరు!" పైనుంచి అరుపు.

ఆమె చప్పట్లు కొట్టింది. అతని వైపు మాత్రం చూడలేదు.

మిగిలిన గ్లాసు పట్టుకుని పిచ్చుక అతని దగ్గరికొచ్చింది.

"ఇది నీది. తాగు. అంకుల్, నీ కళ్ళు కూడా కరుగుతున్నాయి."

"ఉప్పు పడిందమ్మా."

"అయితే దాచిపెడతా. తర్వాత తాగుదువుగానీ."

సోమవారం ఆమె వెళ్ళిపోయింది.

ఆ తర్వాత అతను ఎన్ని ఇళ్ళకి వెళ్ళినా ప్రతి స్క్రూనీ అరచెయ్యి మండేదాకా బిగించాడు. తలుపు సందులో కాగితం పెట్టి లాగేవాడు. రాకపోతే పని బాగా అయినట్టు. అలా అయిన ప్రతిసారీ ఆ కాగితం అంచు పట్టుకుని నిలబడిపోయేవాడు. "ఏమైందయ్యా?" అని ఇంటివాళ్ళు అడిగేవారు.

ఒకసారి దారిలో ఆమె తండ్రి ఎదురుపడ్డాడు.

"ఫ్రీజర్ బ్రహ్మాండంగా పనిచేస్తోందయ్యా! ఇక నీతో పనే పడదు."

ఆయన మెచ్చుకున్నాడు. అతను నమస్కారం పెట్టి, సందు తిరిగి, మూసి ఉన్న ఒక షాపు మెట్టు మీద కూర్చున్నాడు.

నాలుగు నెలలు గడిచాయి. వర్షం కురుస్తున్న ఒక మధ్యాహ్నం ఫోన్ మోగింది. ఆమె నంబరు.

"చెప్పండి," అన్నాడు. ఇంకేం అనాలో తెలియక, "ఫ్రీజర్ పాడైందా?" అన్నాడు.

"లేదు. సెలవు మీద పొద్దునే వచ్చాను. ఫ్రీజర్ తలుపు తీస్తే మూలన ఒక గ్లాసు కనపడింది. పిచ్చుక చీటీ అంటించింది. మీ పేరు తెలియక స్క్రూడ్రైవర్ బొమ్మ వేసింది."

చూరు నుంచి నీళ్ళు పడుతున్న చప్పుడు అటువైపూ వినిపిస్తోంది, ఇటువైపూ వినిపిస్తోంది.

"ఒక్క చుక్క కరగలేదు. రెండు కళ్ళూ మీరు పెట్టినచోటే ఉన్నాయి. మా బావలాగే ఉంది ఇప్పటికీ."

"నన్ను..."

"కోపం పోలేదు."

"తెలుసండీ."

"ఫ్రీజర్‌కి ఏమీ కాలేదు. దానికి మీతో పని లేదు," అంది ఆమె. "అయినా రండి."

అతను అలవాటుగా పనిముట్ల సంచీ భుజాన వేసుకుని గుమ్మం దాకా వచ్చాడు. ఆగాడు. సంచీ దించి గోడవారగా పెట్టేసి, ఖాళీ చేతులతో వర్షంలోకి నడిచాడు.