నేల కింది ఆమెన్

"కోడిని గూడు మార్చాలి. గురువారం, సాయంత్రం నాలుగు లోపు."

బూట్లు బాగుచేసే ముసలాయన తల ఎత్తలేదు. పెదాల మధ్య మేకులు పెట్టుకునే మాట్లాడాడు. జఖార్ తన ఎడమ బూటు ఆయనకిచ్చి ఒంటికాలి మీద నిలబడి ఉన్నాడు.

"గుడ్లు?"

"రెండువేలు. వోల్గా అవతలి ఊళ్లకి ఈస్టర్‌కి మాటిచ్చాం. ఇప్పుడున్న గూట్లో పెట్టడం ఇక కుదరదు. వాళ్లు వీధి దాకా వచ్చేశారు. ఏ ఇల్లో ఇంకా తెలీదు."

"తెలిస్తే?"

"కోడి పోతుంది. దాంతోపాటు దొరికినవాళ్లకి తలా అయిదేళ్లు." ముసలాయన మేకు మీద సుత్తితో ఒక్కటేశాడు. "నీకు పెళ్లయి ఎన్నాళ్లయింది?"

"పదకొండు రోజులు."

"అయితే నువ్వు దొరక్కు."

బ్రీఫింగ్ అంతే.

కోడి అంటే అచ్చుయంత్రం. గుడ్లంటే బైబిలు కొత్త నిబంధన ప్రతులు. కినేష్మా పట్టణంలో బాప్టిస్టు సంఘానికి రిజిస్ట్రేషన్ లేదు. కాబట్టి బైబిలు అచ్చేయడం నేరం, పంచడం అంతకన్నా నేరం. సర్కారు రహస్య పోలీసుల ఫైళ్లలో వీళ్ల పేరు "విదేశీ ముఠా". ఆ ముఠా యంత్రంలో సగం సైకిలు చైను, పావు వంతు బట్టలుతికే మెషీను, మిగతాది దాన్ని కట్టిన తిమోఫేయ్ ఓపిక. విడదీస్తే మూడు గ్యాస్ సిలిండర్లలో పడుతుంది. సిలిండర్లు లోపల బోలు. వాటిని తోసుకెళ్లే గ్యాస్ పనివాడి జాకెట్టు జఖార్ ఒంటిమీద ఉంది. జేబు మీద ఎవరిదో పేరు కుట్టి ఉంది కానీ, గ్యాస్ వచ్చిందంటే పేరు చదివేంత తీరిక ఈ ఊళ్లో ఎవరికీ ఉండదు.

గురువారం రెండున్నరకి జఖార్ మార్ఫా పిన్ని ఇంటి వెనక షెడ్డులోకి బండి తోసుకొచ్చాడు. నేలమీద తలుపు ఎత్తి, బంగాళాదుంపల గదిలోకి దిగి, అరల చెక్క పక్కకి జరిపాడు. అవతల, ఇంటి కింద, పదడుగుల పొడవు, ఏడడుగుల వెడల్పు ఖాళీ. మధ్యలో కోడి. దాని పక్కన తిమోఫేయ్, బట్టతల మీద సిరా మరకతో. అతను ఆకాశం చూసి ఏడు వారాలైంది.

"బయట ఎలా ఉంది?" అన్నాడు.

"మంచు కరుగుతోంది. చూరుల నుంచి నీళ్లు కారుతున్నాయి."

"కారుతున్నాయా!" అని తిమోఫేయ్ కాసేపు కళ్లు మూసుకున్నాడు.

మూలన ఎల్వీరా కూచుని ఉంది. నక్క బొచ్చు కాలరు, ఎర్రటి లిప్‌స్టిక్, ఎత్తు మడమల బూట్లు. హెల్సింకీ మిషన్ నుంచి టూరిస్టు వేషంలో వచ్చిన సిస్టర్. యంత్రానికి కొత్త రబ్బరు రోలర్లు తెచ్చింది. మూడు రోజుల క్రితం, మూసి ఉన్న పాల లారీలో తెచ్చి దింపారు కాబట్టి తను ఏ వీధిలో ఉందో ఆమెకి తెలియదు. తెలియదనే అందరూ అనుకున్నారు.

అప్పుడే మెట్ల మీద జఖార్ భార్య అగ్నియా. శాలువా కింద గుండెకి హత్తుకుని పట్టుకొచ్చింది, క్యాబేజీ కూరిన బన్నులు, ఇంకా పొగలు. తలకి నీలం స్కార్ఫు. పెళ్లిరోజున మేలిముసుగు తీసి, ఇక పెళ్లయిన ఆడదని గుర్తుగా కట్టుకుంది. ఇప్పటికీ రోజుకి పదిసార్లు ముడి తడిమి చూసుకుంటుంది, అది నిజంగా ఉందా లేదా అని. ఆమె తడుముకున్నప్పుడల్లా జఖార్‌కి నవ్వొస్తుంది.

"నవ్వకు. చల్లారిపోతాయి, తిను."

"ముందు ప్రార్థన."

జఖార్ రెండు ముక్కల్లో ముగించాడు. ముగ్గురూ ఒక్కసారే "ఆమెన్" అన్నారు. కొంచెం ఆగి నాలుగో గొంతు, "ఆమెన్."

అగ్నియా భర్త చెవిలో గొణిగింది. "ఈవిడ ఆమెన్ రోజూ ఆఖరి బస్సులో వస్తుంది."

"ఫిన్లాండ్ మనిషి కదా. భాష కొత్త."

"ఆమెన్‌కి భాషేంటి నీ మొహం! ఇంకోటి చెప్పనా? ఆవిడ పౌడర్ డబ్బా వేడిగా ఉంది. ఇందాక పక్కకి పెట్టబోయి ముట్టుకున్నా."

"ఒళ్లో పెట్టుకుంది కాబట్టి."

"బన్నుకన్నా వేడిగానా?"

జఖార్ డబ్బా వైపు తల తిప్పాడు. తల మీద నేల రెండుసార్లు దడదడలాడింది. మార్ఫా పిన్ని మడమ.

రెండు దెబ్బలంటే, ఇంట్లోకి కొత్తవాడొచ్చాడు.

తిమోఫేయ్ దీపం తగ్గించాడు. యంత్రం సగమే విప్పి ఉంది. పెద్ద రోలరు అతని ఒళ్లోనే ఉండిపోయింది. నేలంతా చైన్లు, పళ్లచక్రాలు, బోల్టులు. ఒక్క అడుగు వేస్తే ఒకటి మోగుతుంది. షెడ్డు తలుపు తీస్తే కీచుమంటుంది, పైగా వంటగది కిటికీకి ఎదురుగా కనిపిస్తుంది. నలుగురూ ఎక్కడివాళ్లక్కడే బిగుసుకుపోయారు. నేల చెక్కల సందుల్లోంచి మాటలు స్పష్టంగా దిగుతున్నాయి.

"ఈ ఇంటికి శాంతి, సమాధానం!"

"సమాధానంతోనే రా నాయనా. ఏ ఊరు?"

"ఓమ్స్క్ సంఘం, సిస్టర్. పేరు అర్కాదీ."

"ఓమ్స్కా! అంత దూరం నుంచి బూట్లకి బురదైనా లేకుండా వచ్చావే! కూచో, టీ పోస్తా."

"ముందు ప్రార్థన చేసుకుందాం."

పైన వంటగదిలో పదిహేడుమంది ముసలమ్మలున్నారు. ముసలివాళ్ల ఆసుపత్రికి మేజోళ్లు అల్లుతున్నారు. సంఘం పేరుతో మేజోళ్లివ్వడం కూడా నేరమే కాబట్టి, ఎవరైనా అడిగితే ఈరోజు మార్ఫా పుట్టినరోజు. ఈ ఏడాది ఆమెకిది ఎనిమిదోది. సూదులు ఆగాయి. మోకాళ్లు ఒకదాని తర్వాత ఒకటి నేలకి తగిలాయి.

తిమోఫేయ్ జఖార్ వైపు వంగాడు. పెదాలతో మాత్రమే చెప్పాడు. "ఇదే ఎత్తు. పోయినేడు పక్క జిల్లాలో ఇలాగే పట్టుకున్నారు. ఎవడో వచ్చి పైన ప్రార్థన చేశాడు. కింద నుంచి మనవాళ్లే ఆమెన్ అన్నారు."

అనకుండా ఎలా ఉంటారు? పాలు తాగే వయసు నుంచీ అలవాటు. ఎదుటివాడు ఆవలిస్తే ఆవలింత వచ్చినట్టు, ప్రార్థన అయితే ఆమెన్ వస్తుంది. అదెవరూ తలచుకుని అనేది కాదు.

పైన అర్కాదీ బాగానే చేస్తున్నాడు. శిక్షణ బావుంది. రోగుల కోసం, అనాథల కోసం, చెరసాలలో ఉన్నవాళ్ల కోసం. గొంతు కూడా వణికించాడు. తర్వాత మెల్లగా దిగుతున్నాడు, ముగింపు వైపు.

అగ్నియా స్కార్ఫు కొస నోట్లో కుక్కుకుంది. తిమోఫేయ్ చొక్కా చెయ్యి కొరికి పట్టుకున్నాడు. జఖార్ అరచేత్తో నోరు మూసుకుని ఎదురుగా చూశాడు.

ఎల్వీరా నోరు మూసుకోలేదు. మూసుకోవాల్సిన అవసరం ఆమెకి లేదు. నాలుకతో పెదాలు తడుపుకుంది. భుజాలు లేచేలా ఊపిరి పీల్చుకుంది.

జఖార్‌కి అంతా ఒక్కసారే అర్థమైంది. వేడి డబ్బా సిగ్నల్ పంపుతోంది, కానీ వీధిని మాత్రమే చూపించగలదు. ఇల్లు చూపించడానికి గొంతు కావాలి. ప్రార్థన చివర ఆమె గట్టిగా ఒక్క ఆమెన్ అంటుంది. పైనున్న అర్కాదీ నేల పీకుతాడు. కిందవాళ్లు "పాపం, అలవాటుకొద్దీ నోరు జారింది" అనుకుంటారు. జైలుకి వెళ్తూ కూడా ఆమెని ఓదారుస్తారు. ఎంత శుభ్రమైన ప్లాన్!

ఆమె మూడడుగుల దూరంలో ఉంది. మధ్యలో కోడి ఎముకలన్నీ పరిచి ఉన్నాయి. అరిస్తే తనే ఇల్లు చూపించినవాడవుతాడు. భుజం పక్కన దారం వేలాడుతోంది.

కింద నుంచి పైకి ఉన్న ఒకే ఒక టెలిఫోన్ అది. అవతలి కొస మార్ఫా పిన్ని బెంచీ మీద టీ గ్లాసులో చెంచాకి కట్టి ఉంటుంది. చెంచా ఒకసారి మోగితే "నీళ్లు కావాలి". మూడుసార్లు మోగితే "కాపాడు".

"...ఈ మనవులన్నీ నీ ప్రియ కుమారుని నామమున—" అంటున్నాడు అర్కాదీ.

జఖార్ దారం లాగాడు. ఒకటి, రెండు, మూడు.

"అయ్యో తండ్రీ!" పైన మార్ఫా పిన్ని గొంతు పిడుగులా పడింది. "ఓమ్స్క్ నుంచి నీ బిడ్డ వచ్చాడు తండ్రీ! ఎండిన బూట్లతో వచ్చాడు! వాణ్ని ఊరికే పంపిస్తామా!"

పదిహేడుమందీ ఒక్కసారి బావురుమన్నారు. ఆ హోరు కింద ఎల్వీరా ఆమెన్ వచ్చింది. మొదటిసారిగా అందరికన్నా ముందే వచ్చింది. చెవిలో దోమ పాడినంత కూడా వినిపించలేదు. ఆమె రెండోసారి నోరు తెరిచేసరికి అగ్నియా చైన్లన్నీ తొక్కుకుంటూ దూకేసింది. రెండు వారాలైనా నిండని నీలం స్కార్ఫు మొత్తం ఆ ఎర్రటి లిప్‌స్టిక్ లోపలికి పోయింది.

"సారీ సిస్టర్," అంది అగ్నియా రొప్పుతూ. "కొత్తది. చింపకండి."

తిమోఫేయ్ తన బెల్టుతో ఆమె చేతులు కట్టాడు. రెండోది కాళ్లకి కావాల్సొచ్చి, జఖార్ బెల్టు అడిగాడు. ఆ పని చేస్తున్నంతసేపూ "మన్నించాలి, నొప్పిగా ఉందా?" అని అడుగుతూనే ఉన్నాడు.

పైన అర్కాదీ లేవబోయాడు. లేవలేకపోయాడు. ఒకరు ప్రార్థన చేస్తుండగా ఇంకొకరు లేవడం ఈ సంఘాల్లో లేదు. ఓమ్స్క్‌లో పుట్టిపెరిగిన బ్రదర్‌కి ఆ సంగతి తెలిసి ఉండాలి. పైగా మార్ఫా పిన్ని అరచెయ్యి అతని నడినెత్తి మీద ఉంది. డెబ్బై నాలుగేళ్లుగా రొట్టెపిండి పిసికిన చెయ్యి. అతను అంగుళం లేస్తే అది రెండంగుళాలు దించుతోంది.

మార్ఫా ఓమ్స్క్ గురించి ప్రార్థన చేసి, పక్కావిడకి అందించింది. పక్కావిడ సైబీరియా మొత్తం తీసుకుంది. మూడో ఆవిడ అర్కాదీ తల్లితో మొదలుపెట్టి తాతల దాకా వెళ్లింది. నాలుగో ఆవిడకి చెవుడు. అందుకని అరిచే చేసింది.

కింద పద్నాలుగు నిమిషాల్లో కోడి మూడు సిలిండర్లలోకి వెళ్లిపోయింది. షెడ్డు తలుపు కీచుమంది, ఎవరికీ వినపడలేదు. కిటికీకి ఎదురుగానే బండి కదిలింది. వంటగదిలో తెరిచిన కన్ను ఒక్కటి లేదు. బయటికి రాగానే తిమోఫేయ్ చూరు కింద ఆగి, కారుతున్న నీటిచుక్కలకి బట్టతల పట్టాడు.

"నడు బాబూ," అంది అగ్నియా.

"ఒక్క చుక్క," అన్నాడు తిమోఫేయ్. మూడు చుక్కలు పట్టాడు.

వీధి చివర బూడిదరంగు కారు. లోపల డ్రైవరు చెవికి ఇయర్‌ఫోన్ పెట్టుకుని కూచున్నాడు. వాడి పక్కనుంచి వెళ్లడం తప్ప దారి లేదు. ఆ ముందు, పాలకొట్టు దగ్గర, ఖాళీ క్యాన్లు ఎక్కించుకుంటున్న లారీ ఆగి ఉంది. జఖార్ ఎల్వీరా దగ్గర లాక్కున్న వేడి డబ్బాని జాకెట్టు జేబులోంచి తీసి, నడుస్తూనే లారీ మీది ఒక క్యాన్ వెనక గడ్డిలో వదిలాడు. లారీ బయల్దేరింది. సిగ్నల్ దూరమవుతుంటే డ్రైవరు ఉలిక్కిపడి కారు తిప్పి దాని వెంట పడ్డాడు. లారీ వెళ్లే వెన్న ఫ్యాక్టరీ అక్కడికి నలభై కిలోమీటర్లు.

అగ్నియా వట్టి తలతో, గాలికి చెదిరిన జుట్టుతో బండికి ఓ చెయ్యి వేసి తోస్తోంది.

"ఇంకో స్కార్ఫు కొంటా," అన్నాడు జఖార్.

"నీలమే కావాలి."

"నీలమే."

ఆమె రెండో చేత్తో జేబులోంచి బన్ను తీసి సగం విరిచింది. ఇంకా వెచ్చగానే ఉంది.

పదిహేడో ఆవిడ ఆమెన్ చెప్పేసరికి అయిదుంబావు. అర్కాదీ గోడ పట్టుకుని లేచాడు. ఇక వేషం అనవసరమని షెడ్డులో నేల తలుపు ఎత్తించి దిగాడు. బంగాళాదుంపలు. వాటి మధ్య ఎల్వీరా, నోట్లో నీలం గుడ్డ, ఒళ్లో సిరా ఆరని కాగితం ఒకటి, దాని మీద చల్లారిన బన్ను. యంత్రం లేదు. యంత్రం లేనిదే కేసు లేదు.

మార్ఫా పిన్ని పైనుంచి తొంగి చూసింది. "బంగాళాదుంపలు కావాలంటే అడిగితే ఇచ్చేదాన్ని కదా తల్లీ!"

ఆరింటికి కారు తిరిగొచ్చింది. దాన్నిండా పుల్లమజ్జిగ వాసన. అర్కాదీ రెండు చేతులతో తన మోకాళ్లని ఒక్కొక్కటిగా ఎత్తి లోపల పెట్టుకున్నాడు. డ్రైవరు భయంభయంగా వెనక్కి తిరిగాడు.

"ఆఫీసుకేనా సార్?"

"ఆమెన్," అన్నాడు అర్కాదీ.