ఫ్రీజర్‌లో అనుమానం

"నరాల మీది పొరను తినేసే విషం అది," అన్నాడు చీఫ్. "పేగుల్లో చేరే ఒక బాక్టీరియా వదులుతుంది. మల్టిపుల్ స్క్లెరోసిస్ అనే నరాల జబ్బుకి అదే కారణమేమోనని ల్యాబ్ డాక్టరమ్మ పరిశోధన. బ్రోకర్ అనేవాడి ముఠాకి మాత్రం అది ఆయుధం. రేపు ల్యాబ్‌లోంచి ఒక సీసా ఎత్తుకెళ్లి, మిగతావి తగలబెడతారు."

"లోపల మనవాళ్లెవరు?" అడిగాడు ఏజెంట్ డేగ.

"నెమలి. బ్రోకర్ తనని పూర్తిగా నమ్మాడు."

డేగ దవడ బిగుసుకుంది. నెమలి అతని భార్య.

మర్నాడు ఏసీ మెకానిక్ వేషంలో ల్యాబ్ ఫాల్స్ సీలింగ్‌పై బోర్లా పడుకుని, పలకల సందులోంచి పిస్టల్ గురిపెట్టాడు. ఆమె "కాఫీ చల్లారింది" అంటేనే కాల్చాలి.

కింద నెమలి ఎర్రచీరలో మెరిసిపోతోంది.

"నువ్వు లేకపోతే ఈ పని అయ్యేది కాదు బంగారం!" అన్నాడు బ్రోకర్.

నెమలి పకపకా నవ్వింది. ఆ నవ్వు ఇంట్లో విని ఎన్నాళ్లయిందో! డేగ ఒళ్లు భగ్గుమంది. ఆమె ఫ్రీజర్ తెరిచి, సీసా బ్రోకర్ చేతిలో పెట్టింది. వాడు ఆ చేతిని వదల్లేదు. ఆమె విడిపించుకోలేదు.

అమ్ముడుపోయింది! అదే జబ్బుతో మంచం పట్టిన తన అక్క కళ్లముందు మెదిలింది. పిస్టల్ గురి బ్రోకర్ నుంచి జరిగి భార్య వీపు మీద ఆగింది.

బ్రోకర్ రెండో చేత్తో జేబులోంచి రిమోట్ తీశాడు. "బాంబు ఫ్రీజర్ కిందే ఉంది. పద, బయటికెళ్లి నొక్కుదాం."

"కాఫీ చల్లారింది," అంది నెమలి.

వాడికి అర్థమైపోయింది. బొటనవేలు మీటను తాకబోయింది.

డేగ గురి మార్చాడు. ఠాప్! రిమోట్ ముక్కలైంది. వాడి రెండో చేతిలోని సీసా జారి నేల మీద పడింది.

"సీసా పగిలింది!" కిందికి దూకుతూ అరిచాడు డేగ.

"ఉప్పునీళ్లండీ," అంది నెమలి, బ్రోకర్ చేతులకు బేడీలు వేస్తూ. "అసలైనవి ఫ్రీజర్‌లోనే ఉన్నాయి. ఇంతకీ, అంతసేపూ పిస్టల్ ఎటు పెట్టారు? ఎదుటి బీరువా అద్దంలో కనిపించింది."

డేగ తల దించుకున్నాడు. అంతలో డాక్టరమ్మ పరుగున వచ్చింది. మాట మార్చడానికి అతనికి అవకాశం దొరికింది.

"డాక్టరుగారూ, మా అక్క జబ్బు ఈ బాక్టీరియా వల్లేనా?"

"ఇప్పుడే చెప్పలేను బాబూ. చాలామంది రోగుల్లో కనబడింది, నిజమే. కానీ రెండూ పక్కపక్కన కనబడ్డంత మాత్రాన సంబంధం ఉన్నట్టు కాదు కదా!"

"ఆ ముక్క ఇంకోసారి చెప్పండి డాక్టరుగారూ," అంది నెమలి. "ఈయనకి సరిగ్గా వినపడినట్టు లేదు."