పసుపు రోకలి

ఒంట్లో బాగాలేదని ఫోను చేసిన మనిషి వాకిట్లో కళ్ళాపి చల్లుతూ కనిపిస్తే ఎవరికైనా ప్రాణం కుదుటపడాలి. సుధామణికి మాత్రం ఆటో దిగుతూనే గుండెలో ఏదో కలుక్కుమంది.

"అమ్మా, జ్వరమన్నావు కదే?"

అంకాలమ్మ చెంబు కింద పెట్టింది కానీ కూతురి మొహం చూడలేదు. "తగ్గిందిలే. కాళ్ళు కడుక్కుని రా, టీ పెడతాను."

నాగాయలంక దాటి ఇంకా కిందికి, సముద్రానికి కూతవేటు దూరంలో ఉన్న పల్లె అది. మబ్బు బాగా కిందికి దిగి ఉంది. బందరులో ప్రమాద సూచిక ఎగరేశారని బస్సులో ఎవరో చెప్పుకున్నారు. పడవలన్నీ ఒడ్డునే ఉన్నాయి, మగవాళ్ళంతా ఊళ్ళోనే ఉన్నారు, అయినా ఊరు నోరు కుట్టేసుకున్నట్టుంది. ఎదురింటి సంపూర్ణమ్మ సుధామణిని చూసి నవ్వబోయి, ఏదో గుర్తొచ్చినట్టు లోపలికి వెళ్ళిపోయింది.

ఇంటికి కొత్తగా సున్నం వేశారు. గుమ్మానికి పసుపు, మామిడాకులు. వాకిట్లో గుంజలు పాతి తాటాకు పందిరి వేశారు. జ్వరమొచ్చిన ఇంటికి పందిరెందుకో సుధామణికి అడగాలనిపించింది. అడిగితే వచ్చే జవాబు అప్పుడే తెలిసిపోయినట్టుండి భయమేసింది.

"రామ్మా, రా," అంటూ అన్న దుర్గాప్రసాద్ బయటికొచ్చాడు. అతని గొంతు ఎప్పుడూ అంత తియ్యగా ఉండదు. వదిన రామతులసి ఇడ్లీలు తెచ్చింది.

"మనోజ్ఞ ఏది వదినా? కాలేజీకి వెళ్ళిందా?"

"లోపలుందమ్మా. తలంటి పోశాం."

సుధామణి తుంచిన ఇడ్లీ ముక్కని మళ్ళీ ప్లేట్లో పెట్టేసింది. మనోజ్ఞ అన్న కూతురు. అవనిగడ్డలో ఇంటర్ మొదటి సంవత్సరం చదువుతోంది. పదహారేళ్ళు నిండి ఎన్నాళ్ళో కాలేదు.

"బందరు సంబంధం," అన్నాడు దుర్గాప్రసాద్, చెల్లెలి పక్కన గోడవైపు చూస్తూ. "సొంత బోటుంది వాళ్ళకి. ఇవాళ పసుపు కొడుతున్నాం. మేనత్తవి, మొదటి దెబ్బ నువ్వే వెయ్యాలి."

"నా ఉద్యోగమేంటో తెలిసే అడుగుతున్నావా అన్నయ్యా?"

"తెలుసు గనకే అమ్మ చేత ఫోను చేయించాను." అతను జేబులోంచి సెల్లు తీశాడు. "నువ్వు రోకలి పట్టుకున్న ఫొటో ఒకటి ఉంటే చాలు. ఇక పెళ్ళి ఆపమని ఏ నెంబరుకీ ఎవడూ ఫోను చెయ్యడు. ఆఫీసరమ్మే వచ్చి పసుపు కొట్టిందంటే ఎవరికి నోరొస్తుంది?"

ఊరందరికీ శకునం చెప్పే బల్లి కుడితి తొట్లో పడిందంటారు. సుధామణి బతుకు అలాగే అయింది. విజయవాడలో ఆమె పని చిన్నపిల్లల పెళ్ళిళ్ళు ఆపడం. గన్నవరం నుంచి చల్లపల్లి దాకా ఎన్ని పందిళ్ళలో ఆమె నిలబడి మాట్లాడిందో! తిట్లు తింది, శాపనార్థాలు పడింది, ఆపిన పిల్లల్ని హాస్టళ్ళలో చేర్పించింది, వాళ్ళు నర్సులై, టీచర్లై స్వీట్లు పట్టుకొస్తే కళ్ళు తుడుచుకుంది. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. ఈవిడ రచ్చ గెలిచింది.

"నేనిప్పుడే ఫోను చేస్తాను," అంది లేచి.

"చెయ్యి. అన్న చేతికి బేడీలు వేయించు. ఆ తర్వాత ఈ గుమ్మం తొక్కకు."

సుధామణి ఫోను పట్టుకుని పెరట్లోకి వచ్చింది. అక్కడ గోడకి ఆనించి ఉంది రోకలి. నిలువెల్లా పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, మెడకి మామిడాకులు కట్టి. దాన్ని చూడగానే ఆమె అడుగు వెనక్కి పడింది.

విజయవాడ ఇంట్లో ఆమెకి రోకలి లేదు. దంచే పనంతా మిక్సీదే. దానికో కారణముంది. తనకి పదిహేనేళ్ళప్పుడు, ఇదే ఇంట్లో, తన పెళ్ళికి పసుపు కొడుతుంటే మొదటి దెబ్బకే రోకలి రెండు ముక్కలైంది. ముత్తైదువులు చెంపలు వేసుకున్నారు. మగపెళ్ళివారు ఆ పూటే లేచి వెళ్ళిపోయారు. ఆ రోజు నుంచి ఆమె ఊరికి 'రోకలి విరిగిన పిల్ల'. మంచీ చెడుకీ ఎవరూ పిలిచేవారు కాదు. ఇదే దుర్గాప్రసాద్, అప్పుడప్పుడే చేపల వేటకి వెళ్తున్న కుర్రాడు, "పొద్దున్నే ఎదురు రాకే" అని చెల్లెలిని తలుపు వెనక నిలబెట్టేవాడు. తర్వాత తండ్రి కాశీరావు సముద్రంలోకి వెళ్ళి తిరిగి రాకపోతే, ఆ పాపమూ ఈ పిల్ల నెత్తినే పడింది. ఎవరూ చేసుకోరు గనక చల్లపల్లి హాస్టల్లో వేశారు. చదువుకుంది. డిగ్రీ అయింది, ఉద్యోగం వచ్చింది, ఆ పేరు వినని ఊరివాడు పెళ్ళాడాడు. శకునాలు నమ్మొద్దని వందలమంది పిల్లలకి చెప్పింది. తను మాత్రం రోకలి ముట్టుకోలేదు.

ఇవాళ ఎందుకో ముట్టుకుంది. బొటనవేలికి సన్నటి గీత తగిలింది. పసుపు కింద చెక్క చుట్టూ గీత. గోరుతో గీకితే మైనం ఊడింది.

"ముట్టుకోకే." అంకాలమ్మ చెయ్యి వచ్చి గబుక్కున ఆ గీత మీద పడింది.

"ఏంటమ్మా ఇది?"

"మెల్లిగా మాట్లాడు. రంపంతో సగానికి కోశాను. ఒక్క దెబ్బకి విరుగుతుంది. వాళ్ళు శకునం పట్టింపున్న మనుషులు, ఇక ఈ గడప తొక్కరు. నువ్వు అన్నతో పోట్లాడక్కర్లేదు, ఫోన్లూ చెయ్యక్కర్లేదు."

సుధామణి తల్లి చెయ్యి పట్టుకుంది. "అప్పుడు కూడా?"

ముసలామె తల వంచుకుంది. "మీ నాన్న నా మాట వినే మనిషా? ఏడిస్తే కొట్టేవాడు. శకునం చెబితే మాత్రం దడుచుకునేవాడు. నువ్వు బడికి పోతానని నా కొంగు పట్టుకుని ఏడ్చావు గుర్తుందా? నాకు ఇంకో దారి కనపళ్ళేదే."

దేవుడు వద్దన్నాడని ఇన్నేళ్ళు అనుకున్న పెళ్ళిని అమ్మ వద్దంది. సుధామణికి ఆ చేతులు కళ్ళకద్దుకోవాలనిపించింది. అంతలోనే ఇంకో మాట పాములా తల ఎత్తింది.

"మరి ఇప్పుడు నా చేత ఎందుకు పట్టిస్తున్నావు?"

"పిల్లకి ఆ పేరు అంటకూడదని. నీ చేతిలో విరిగితే నీవల్లే అంటారు. నీకెలాగూ..." అంకాలమ్మ ఆగిపోయింది.

"నాకెలాగూ ఉంది, ఆ పేరు."

వాకిట్లోంచి దుర్గాప్రసాద్ కేక వినిపించింది. "సుధా, రోకలి పట్టుకురా."

గాలి లేచింది. తాటాకులు టపటపా కొట్టుకుంటున్నాయి. పందిట్లో ముత్తైదువులు రోలు చుట్టూ కూర్చున్నారు. సుధామణి రోకలితో రాగానే మాటలు ఆగిపోయాయి. సంపూర్ణమ్మ కొంగు సర్దుకుంటూ కాస్త వెనక్కి జరిగింది. "ఈవిడ చేతనా?" అని ఎవరో గొణిగారు. దుర్గాప్రసాద్ సెల్లు ఎత్తి పట్టుకున్నాడు.

ఒక్క దెబ్బ. అంతే పని. పెళ్ళి ఆగిపోతుంది, అన్నకి బేడీలు పడవు, పుట్టిల్లు మిగులుతుంది. పాత పేరే కదా, ఇంకోసారి మోస్తే పోయేదేముంది? నిండా మునిగినవాడికి చలేంటి?

సుధామణి రోకలి ఎత్తింది.

అప్పుడు వినపడింది పక్కనే పీట మీద కూర్చున్న మనోజ్ఞ గొంతు, ఆమెకి మాత్రమే వినపడేంత సన్నగా. "అత్తా, విరిగితే బాగుండు. నీకు విరిగినట్టు."

ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉండిపోయింది. ఈ పిల్ల రాత్రంతా దేవుడికి ఏం మొక్కుకుందో అర్థమైంది. విరిగితే గట్టెక్కుతుంది, నిజమే. కానీ రేపు ఇంకో పందిరి పడితే? అప్పుడూ కర్రముక్క తన తరఫున మాట్లాడుతుందని ఎదురుచూస్తూ కూర్చుంటుంది.

ఆమె రోకలి దించి రోలు పక్కన పెట్టింది. "అది విరగడం ఎందుకే? నీకు వద్దని నువ్వు చెప్పలేవా? నేను పక్కనే ఉన్నాను."

మనోజ్ఞ పెదాలు కదిలాయి. మొదట ఏమీ వినపడలేదు. "నాన్నా, నాకొద్దు. నేను చదువుకుంటాను."

"నోరుముయ్యి." దుర్గాప్రసాద్ ముందుకొచ్చాడు. "సుధా, రోకలి తీస్తావా లేదా?"

"తియ్యను."

"అది తియ్యదు," అంది వెనకనుంచి అంకాలమ్మ. మొగుడు పోయినప్పటి నుంచి ఆమె ఏ పసుపు పందిట్లోనూ కాలు పెట్టలేదు. ఇప్పుడు తిన్నగా మధ్యకి వచ్చింది. ముత్తైదువులు దారిచ్చారు. రోకలి అందుకుని రోటి అంచు మీద ఒక్కటి కొట్టింది. టప్పున విరిగింది. రామతులసి చెవులు మూసుకుంది.

"చూడండి అందరూ. రంపపు కోత ఇది. ఇవాళ కోసింది నేను, ఆనాడు కోసిందీ నేనే. నా బిడ్డలో ఏ దోషమూ లేదు. ఇన్నేళ్ళు దాని నెత్తిన నింద పెట్టి నోరు మూసుకుని బతికాను. నా మొగుడికి భయపడి మొదలెట్టాను, మీ అందరికీ భయపడి ఊరుకున్నాను." ఆమె కూతురి వైపు తిరిగింది. "ఇవాళ మళ్ళీ అదే చేయబోయానే. నన్ను క్షమించవే తల్లీ."

సుధామణి అమ్మని గట్టిగా పట్టుకుంది. ఇద్దరూ ఏడ్చారు.

దుర్గాప్రసాద్ ఆ ముక్క తీసుకుని కోతని వేలితో తడిమాడు. అలాగే నేల మీద కూలబడ్డాడు. "వేటకెళ్ళేప్పుడు సుధని తలుపు వెనక నిలబెట్టేవాణ్ణే అమ్మా," అన్నాడు. కాసేపటికి లోపలున్నదంతా బయటపడింది. "వానాకాలంలో బోటు తిరగబడ్డప్పుడు ప్లాస్టిక్ డబ్బా పట్టుకుని తేలానే సుధా. నాన్నలాగే పోతున్నాననుకున్నాను. నేను పోతే ఈ పిల్లకి దిక్కెవరని, అదే భయం. ఆ భయంతోనే ఇదంతా."

"నేను లేనూ? నేను చచ్చిపోయాననుకున్నావా?"

అతను తల అడ్డంగా ఊపాడు. తర్వాత లేచి, పక్కకి వెళ్ళి బందరుకి ఫోను చేశాడు. ఏం మాట్లాడాడో గాలికి వినపడలేదు కానీ, మనోజ్ఞ పీట మీంచి లేచింది.

రెండు రోజులు ముసురు విడవలేదు. రోకలి ముక్కలు పొయ్యిలోకి పోయాయి. వాటి మంట మీదే అంకాలమ్మ ఇంటిల్లిపాదికీ టీ కాచింది.

గాలి తగ్గాక దుర్గాప్రసాద్ తెల్లారుతూనే వల భుజానేసుకుని బయల్దేరాడు. సుధామణి, పాత అలవాటు ఎక్కడికి పోతుంది, తలుపు వెనక్కి జరిగింది. వాకిలి దాటబోయినవాడు ఆగి వెనక్కి చూశాడు.

"సుధా, అక్కడేం చేస్తున్నావే? ఇలా రా," అన్నాడు. "ఎదురు రా."