మాస్టారు కోసిన క్లిప్పు

ఆ నీలం చొక్కా మొన్నమొన్నటిదాకా కొడుకుది. ఈ ఉదయం కోడలు తొడుక్కుంది. పార్సిళ్ల కంపెనీ గుర్తున్న ఆ చొక్కాకి చేతులు రెండంగుళాలు తగ్గించి, పక్కలు లోపలికి పట్టి కుట్టింది మామగారే. నలభై ఏళ్లు లారీలకీ వ్యాన్లకీ సీట్లు కుట్టిన మనిషి కావడంతో తెలిసినవాళ్లంతా ఆయన్ని సీట్ల మాస్టారు అంటారు. షాపు మూసేసి ఆరేళ్లయినా కుట్టుమిషన్ మాత్రం ముందుగదిలో కిటికీ కింద అలాగే ఉంది.

"భుజాల దగ్గర పట్టేసిందా అమ్మాయ్?" అని అడిగారు.

"లేదు మామయ్యా, అచ్చంగా నా కొలతే. దర్జీకిస్తే వారం తిప్పేవాడు."

"సీట్లు కుట్టిన చెయ్యి. చొక్కా చిరిగినా కుట్టు ఊడదులే."

కోడలు నవ్వింది. రెండు నెలల తర్వాత ఆ ఇంట్లో వినబడ్డ నవ్వు అది. లోపలిగదిలో కొడుక్కి కూడా వినబడే ఉంటుంది. విరిగిన తుంటికి లోపల ఇనుప పట్టీ వేయించుకుని, గోడకేసి చూస్తూ పడుకోవడమే ఇప్పుడతని పని. అతను నడిపినటువంటి వ్యానే ఇవాళ్టి నుంచి ఆమె నడపబోతోంది. బట్టల షాపులో తన జీతం అద్దెకీ మందులకీ చాలక, పార్సిళ్ల కాంట్రాక్టరు దగ్గరికి తనే వెళ్లి అడిగింది. లైసెన్సు చూసి, వచ్చెయ్యమన్నాడు. మొగుడు పడిపోయిన ఉద్యోగంలోకి పెళ్లాం వస్తుంటే అతనికి ఏమీ అనిపించలేదు కాబోలు.

టిఫిన్ డబ్బా సంచిలో పెట్టుకుని గుమ్మం దాకా వెళ్లిందల్లా వెనక్కి తిరిగింది.

"మామయ్యా, ఇంకో చిన్న పని చేసిపెడతారా? మీ దగ్గర పాత సీటుబెల్టులున్నాయి కదా. ఒకదాని చివరున్న క్లిప్పు కోసివ్వండి. వ్యాన్లు పెట్టే యార్డులో అందరి దగ్గరా ఉంటాయట. అది తీసుకెళ్లి సీటు పక్కనున్న తాళంలో దోపేస్తే, మనం బెల్టు కట్టుకున్నామనుకుని వ్యాన్ అరవదట."

ఆ క్లిప్పు సంగతి మాస్టారికి తెలియనిది కాదు. రోజుకి నూట ఎనభై ఇళ్లు. పార్సిలుకి ఇంత అని ఇస్తారు తప్ప గంటకి ఇంత అని కాదు. ఇంటింటికీ బెల్టు విప్పాలి, దిగాలి, పరిగెత్తాలి, ఎక్కాలి, మళ్లీ కట్టుకోవాలి. కట్టుకోకుండా కదిలితే వ్యాన్ అరుస్తుంది, కంపెనీ యాప్ ఉన్న ఫోన్‌లో మార్కులు తగ్గుతాయి. కట్టుకుంటూ కూర్చుంటే ఆలస్యమై మార్కులు తగ్గుతాయి. మార్కులు తగ్గినవాళ్లకి మర్నాడు పార్సిళ్లు ఉండవు.

"వద్దమ్మా. ఆ పని మాత్రం చెయ్యను."

"ఎందుకు?"

"లోపల వాణ్ణి చూస్తూ కూడా అడుగుతున్నావా? మలుపులో లారీ తగిలినప్పుడు బెల్టు లేకనే కదమ్మా, తలుపులోంచి రోడ్డు మీద పడ్డాడు."

"ఆయన్ని చూసే అడుగుతున్నాను. మొదటి రోజే ముప్పై పార్సిళ్లు వెనక్కి తెస్తే నాకు రెండో రోజుండదు. భయం లేక కాదు మామయ్యా. భయపడే స్తోమత మనకి లేదు." ఆమె సంచి భుజానికి తగిలించుకుంది. "ఆయనకి ఆ క్లిప్పు ఎవడు చేసిచ్చాడో గాని, వాడి చేతులు పడిపోను. రోజూ లేస్తూనే తిట్టుకుంటున్నాను వాణ్ణి. ఇవాళ నాకూ అదే కావలసొచ్చింది, చూడండి నా బతుకు."

మాస్టారు మిషన్ ముందున్న స్టూలు మీద కూలబడ్డారు. చేతులు ఒళ్లో పెట్టుకుని వాటికేసి చూసుకున్నారు.

"తిట్టడం మానకమ్మా. ఆ చేతులు ఇవే."

కోడలికి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక సంచి భుజం మీంచి జారిపోయినా పట్టుకోలేదు.

"మధ్యాహ్నం కూర్చుని తినడానికి కూడా టైముండట్లేదు నాన్నా అన్నాడు," మాస్టారు నేల చూస్తూ చెప్పుకొచ్చారు. "ఒక్కో ఇంటి దగ్గర రెండు సెకన్లు మిగిలినా, వాడు అన్నం నమిలి తింటాడనుకున్నాను. ఆకురాయి పెట్టి ఒక పూటంతా చేశాను. బాగుందని వాడి స్నేహితులు అడిగారు. వాళ్లకి పదకొండు చేసిచ్చాను. షాపు మూశాక మళ్లీ నాతో జనానికి పనిపడిందని మురిసిపోయాను కూడా. సిగ్గులేని ముసలాణ్ణి."

"ఆస్పత్రికి కాంట్రాక్టరు వచ్చాడు," అంది కోడలు, ఒక్కో మాటా ఆపి ఆపి. "బెల్టు పరికరాన్ని పాడుచేశారు కాబట్టి పరిహారం రాదన్నాడు. ఎవరు చేసిచ్చారో చెబితే ఖర్చుల సంగతి ఆలోచిస్తామన్నాడు. ఆయన, నేనే చేసుకున్నానని సంతకం పెట్టారు. అప్పుడు మీరు మంచం పక్కనే ఉన్నారు."

"ఉన్నాను."

"ఒక్క మాట మాట్లాడలేదు."

"వాడు నా మణికట్టు గట్టిగా పట్టుకున్నాడమ్మా. నేను విడిపించుకోలేదు."

"నాన్నని ఏమీ అనకు," లోపలి నుంచి కొడుకు గొంతు వినబడింది. "చెప్పినా వాళ్లు ఇచ్చేవాళ్లు కాదు. నాన్న పేరు రాసుకుని కేసు పెట్టేవాళ్లు."

"అది మీరూ మీరూ తేల్చేసుకున్నారా? అప్పులవాళ్లకి జవాబు చెప్పేది నేను, మందుల షాపు ముందు నిలబడేది నేను. మరి నేనెవర్ని ఈ ఇంట్లో?"

మాస్టారి చూపు మిషన్ సొరుగు మీదికి పోయింది. ఆమె దాన్ని లాగి సూదుల డబ్బా తెరిచింది. అడుగున ఒక క్లిప్పుంది. పదకొండు మందికీ ఇవ్వగా మిగిలిపోయింది. దాన్ని చొక్కా జేబులో వేసుకుని, చెప్పులు సగం తొడుక్కునే మెట్లు దిగిపోయింది. మాస్టారు ఏ ముఖంతో ఆపుతారు?

ఆ పగలు ఎంతకీ గడవలేదు. మాస్టారు కొడుక్కి అన్నం పెట్టారు, పక్క మార్చారు, తను మాత్రం ఒక్క ముద్ద మింగలేకపోయారు. వీధిలో హారన్ మోగినప్పుడల్లా కిటికీ దగ్గరికి వెళ్లారు. ఫోన్ మోగితే తియ్యడానికి భయపడ్డారు. తీస్తే కరెంటు బిల్లు సంగతి. కొడుకు కూడా నిద్రపోలేదు. ఇద్దరూ ఒకే భయాన్ని చెరో గదిలో పెట్టుకుని సాయంత్రం దాకా కూర్చున్నారు.

వీధి దీపాలు వెలిగేవేళకి కోడలు వచ్చింది. రెండు కాళ్ల మీదా నడిచే వచ్చింది. మాస్టారికి అది చాలు. ఆమె చొక్కా కాలరు పక్కకి జరిగి ఉంది. మెడ మీద వేలెడు వెడల్పున చర్మం కమిలి ఎర్రగా ఉంది.

"అదేంటమ్మా?"

"బెల్టు. విప్పడం, కట్టడం, విప్పడం, కట్టడం. ఒరుసుకుపోయింది." ఆమె నేలమీదే కూర్చుని, జేబులోంచి క్లిప్పు తీసి ఆయన అరచేతిలో పెట్టింది. "పెట్టలేదు మామయ్యా. మధ్యాహ్నానికే పాతిక ఇళ్లు వెనకబడ్డాను. ఇక లాభం లేదని తీశాను. దోపబోతూ వేలితో దీని అంచు తడిమాను. ఎంత నున్నగా ఉందో. ఆయన వేలు ఎక్కడ తెగుతుందోనని అరగదీశారు కదూ?"

మాస్టారు తలూపారు. కళ్లల్లో నీళ్లు గిర్రున తిరిగాయి.

"వేలు తెగకూడదని అంత ఆలోచించిన మనిషిని పొద్దున్న నోటికొచ్చినట్టు అన్నాను. అయినా కోపం పోలేదు మామయ్యా, అబద్ధం చెప్పను. కానీ దాన్ని దోపడానికి చెయ్యి రాలేదు."

"ఎన్ని మిగిలాయి?" లోపలి నుంచి కొడుకు అడిగాడు.

"నలభై మూడు."

ఎన్నాళ్లుగానో దాచుకున్న మాట బయటపెడుతున్నట్టు అతను మెల్లగా అన్నాడు. "నేను చేరినప్పుడు రోజుకి నూట యాభై ఇళ్లే నాన్నా. అందరం క్లిప్పులు పెట్టుకుని గంట ముందే ముగించేసరికి, చెయ్యగలరన్నమాట అని నూట ఎనభై చేశారు. నీకు చెప్పడానికి మనసు రాలేదు. నేను ఒక్కరోజు కూడా కూర్చుని తినలేదు."

మాస్టారికి అప్పటికి గాని తను చేసిన పని పూర్తిగా తెలియలేదు. కొడుక్కి మిగిల్చాననుకున్న ఆ రెండు సెకన్లూ కొడుక్కి అందనే లేదు. కంపెనీవాళ్లు లెక్కగట్టి పట్టుకుపోయారు. ఇవాళ బెల్టు కట్టుకున్న పిల్ల ఓడిపోయిందంటే, ఆమెని ఓడించింది కూడా తన ఆకురాయే. ఆయన కండువా నోటికి అడ్డం పెట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చారు. కోడలు లేచి మంచినీళ్లు తెచ్చి పక్కన కూర్చుంది. ఊరుకోండని అనలేదు.

ఏడుపు తగ్గాక ఆయన లేచి, మిషన్ మీదున్న సుద్దముక్కా అట్టముక్కా తెచ్చి ఆమె ముందు పెట్టారు.

"ఆ పదకొండు మంది ఏ ఏ వ్యాన్లు నడుపుతారో వాణ్ణడిగి రాయమ్మా. రేపు యార్డుకెళ్లి అన్నీ తిరిగి ఇమ్మని అడుగుతాను."

"ఇవ్వరు మామయ్యా. ఇస్తే వాళ్లకీ నలభై మూడు మిగులుతాయి."

"తెలుసు. కాళ్లు పట్టుకునైనా అడుగుతాను."

అంతలో ఆమె ఫోన్ చిన్నగా మోగింది. కంపెనీ నుంచి వచ్చిన మెసేజ్ చదువుకుంది. మళ్లీ చదివింది. ఫోన్ బోర్లా పెట్టి, సుద్దముక్క చేతిలోకి తీసుకుంది.

"రేపు నాకు పార్సిళ్లు లేవట," అంది. "మీరొక్కరే ఎందుకు, యార్డుకి నేనూ వస్తాను."